వీపు కింది గాలి

పొద్దున టెంటు విప్పి పక్కకు లాగితే మంచులో నా ఆకారం కనబడింది. భుజాల దగ్గర వెడల్పుగా, నడుము దగ్గర లోతుగా, మోకాళ్ళ కిందికి వచ్చేసరికి ఆనవాలు లేకుండా పోయిన ఒక గుంట. అడుగంతా గాజులా గడ్డకట్టి ఉంది. ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ఎక్కే దారిలో, జూడా కా తాలాబ్ అనే చెరువు పక్కన, డిసెంబరు నెలలో సంగతి.

రాత్రి నిద్ర లేదు. ఒంటి మీద రెండు స్వెట్టర్లు, ఒక జాకెట్టు, వాటి మీద మైనస్ 10 డిగ్రీల దాకా ఆగుతుందని చీటీ కుట్టిన స్లీపింగ్ బ్యాగు. ఛాతీ వెచ్చగానే ఉంది. వీపు మాత్రం తడిసిన బండ మీద ఆన్చినట్టు జిల్లుమంటోంది. అర్ధరాత్రి లేచి ఇంకో జాకెట్టు తొడుక్కున్నాను. ఏమీ మారలేదు. కింద ఉన్నది మాకు అద్దెకిచ్చిన ఫోమ్ మ్యాట్, వేలెడు మందం కూడా లేదు. ఎన్ని వీపులు మోసిందో, మధ్యలో అప్పడంలా అణిగిపోయింది. పొద్దున టీ పోస్తూ వంటాయన నా కథ విని నవ్వాడు. ఆ రెండో జాకెట్టు తొడుక్కోకుండా కింద పరుచుకుని ఉంటే పడుకునేవాడివి, అన్నాడు.

ఆయన చెప్పింది నిజమేనని తేల్చుకోవడానికి ఆ గుంట ఒక్కటి చాలు. నిద్రపోతున్న మనిషి ఒంట్లో సుమారు 75 వాట్ల వేడి పుడుతుంది. ఒకప్పుడు ఇళ్ళలో వెలిగిన పసుపుపచ్చ బల్బు ఎంత తినేదో దాదాపు అంత. ఊపిరితో, చెమటతో, పైనుంచి, కిందనుంచి పోయేదంతా ఈ 75లోనే సర్దుకోవాలి. మించి పోతే ఒళ్ళు వణుకు మొదలుపెట్టి అదనంగా వేడి పుట్టిస్తుంది. వణుకుతూ నిద్రపోవడం ఎవరి తరమూ కాదు.

పైనుంచి పోయే వేడిని స్లీపింగ్ బ్యాగు ఆపుతుంది. అది ఆపేది తనలోని ఈకలతో కాదు, ఈకలు ఉబ్బినప్పుడు వాటి మధ్య చిక్కుకున్న గాలితో. మనం దాని మీద పడుకోగానే వీపు కింది భాగం నలిగి గాలి బయటికి పోతుంది. మిగిలేది రెండు పొరల గుడ్డ, కాసిని చదునైన ఈకలు. అంటే ఎంత ఖరీదైన బ్యాగయినా వీపు వైపు దాదాపు దుప్పటితో సమానం. అక్కడ కాపాడాల్సింది మ్యాటే.

మ్యాట్ ఎంత కాపాడుతుందో చెప్పే అంకెను ఆర్-వాల్యూ అంటారు. వేడికి అది ఎంత అడ్డం నిలుస్తుందో దాని కొలత. ఆర్ 1 ఉన్న చదరపు మీటరు మ్యాట్‌కు ఒకవైపు వెచ్చగా, రెండోవైపు ఒక్క డిగ్రీ తక్కువగా ఉంటే, దానిలోంచి 5.7 వాట్లు జారిపోతాయి. ఆర్ 2 అయితే అందులో సగం. నేల వైపు ఆనే ఒళ్ళు 0.4 చదరపు మీటరు అనుకుందాం. చర్మం 33 డిగ్రీలు, కింద మంచు సున్నా. గుణిస్తే ఆర్ 1 మీద పడుకున్నవాడు వీపు కిందినుంచే 75 వాట్లు పోగొట్టుకుంటాడు. ఒంట్లో పుట్టేదంతా నేలపాలే! ఆర్ 2 అయితే 37. ఆర్ 4 అయితే 19. ఆర్ 6 అయితే 12 చిల్లర. ఇది మోటు లెక్కే. పక్కకు ఒత్తిగిలితే ఆనే మేర తగ్గుతుంది, కింది నేల కూడా కొంత వెచ్చబడుతుంది. కానీ ఏ వైపు ఎంత పోతుందో తెలియడానికి ఇది సరిపోతుంది.

ఇప్పుడు నా గుంట సంగతి. అణిగిన ఫోమ్, నలిగిన బ్యాగు, స్వెట్టర్లు అన్నీ కలిపి ఆర్ 2 దగ్గర ఉండి ఉంటాయి. 37 వాట్లు, 8 గంటలు. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ళు కావాలి. ఆ రాత్రి నా వీపు వదిలిన వేడంతా కరిగించడానికే పోయి ఉంటే, మూడు కిలోల పైచిలుకు మంచును నేను ఒంటితో కాచి నీళ్ళు చేశానన్నమాట. వంటాయన స్టవ్ మీద గ్యాసు పెట్టి చేసే పని అది.

ఈ అంకెల్లో ఇంకో మాట దాగి ఉంది. ఆర్ 1 నుంచి 2కు వెళ్తే 37 వాట్లు మిగిలాయి. 4 నుంచి 6కు వెళ్తే మిగిలింది ఆరే. మొదటి అరంగుళం చేసే మేలు తరవాతి అంగుళాలు చెయ్యవు. భుజం మీద గ్రాములు లెక్కపెట్టుకుని మోసేవాడికి ఇది పనికొచ్చే సంగతి. అందుకే ఎక్కడికి పోయినా 'అన్నిటికంటే వెచ్చనిది' కొనక్కర్లేదు.

ఇంతకీ ఆ అడ్డం నిలిచేది ఏమిటి? ఏ మ్యాట్ కోసి చూసినా లోపల ఉండేది ఒకటే, గాలి. కదలని గాలి వేడిని మోసుకుపోవడంలో మహా బద్ధకస్తురాలు. తడి మట్టి దానికంటే అరవై రెట్లు చురుకు, గడ్డకట్టిన మంచు దాదాపు తొంభై రెట్లు. మన ఇళ్ళలో ఈ సంగతి ఎవరూ సూత్రంగా చెప్పలేదు గానీ అందరికీ తెలుసు. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంతలో పొరకీ పొరకీ మధ్య గాలి. చలికాలం చాప కింద పరిచే వరిగడ్డిలో ప్రతి పరకా బోలుగొట్టమే. తెలంగాణలో కురుమలు దక్కని గొర్రెల ఉన్నితో నేసే గొంగడి గరుకుగా గుచ్చుకుంటుంది. ఆ గరుకు ఉన్ని బరువు పడ్డా పూర్తిగా అణగదు, గాలిని వదలదు. రాత్రిళ్ళు మందతోపాటు చేలల్లో పడుకునే గొర్రెల కాపరికి పరుపూ దుప్పటీ అదే. నులక మంచం సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. ఎండాకాలం హాయిగా ఉండేది వీపు కింది గాలి నిలవకుండా పోతూ ఉంటుంది కనకనే. అదే కారణంగా డిసెంబరులో ఆరుబయట నులక మంచం మీద ఉత్త దుప్పటి పరిచి పడుకుంటే పళ్ళు టకటకలాడతాయి.

అప్పుడే కురిసిన మంచు కూడా బొంతలాంటిదే. అందులో ఎక్కువ భాగం గాలి. కాని టెంటు వెయ్యడానికి మనం దాన్ని బూట్లతో తొక్కి చదును చేస్తాం. తొక్కడం అంటే గాలి వెళ్ళగొట్టడమే.

గాలే గనక అంత మంచిదైతే, ఈతకొలనులో తేలే గాలిపరుపు ఒకటి ఊది దాని మీద పడుకుంటే సరిపోదా? చూడబోతే సరిపోవాలి. 7 సెంటీమీటర్ల కదలని గాలికి లెక్క కడితే ఆర్ దాదాపు 16 వస్తుంది. కాని నిజంగా ఊదిన ఖాళీ గాలిపరుపుకు ఆర్ 1 దాటడమే గొప్ప. మిగతా పదిహేను ఎవరు ఎత్తుకుపోయారు?

చాలామంది గాలి కదలిక మీద నేరం మోపుతారు. పరుపులో వేడి గాలి పైకి, చల్ల గాలి కిందికి సుడి తిరుగుతుందంటారు. ఒక్క క్షణం ఆగి చూస్తే ఇది పొసగదు. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు తిరిగేది మంట కింద ఉంది కనక. మన పరుపులో మంట పైన ఉంది, అది మనమే. వెచ్చని గాలి తేలిక కాబట్టి పైనే ఉంటుంది, చల్లనిది కిందే ఉంటుంది. ఎవరి చోట వాళ్ళు సుఖంగా ఉన్నాక సుడి ఎందుకు పుడుతుంది? మనం అటూ ఇటూ దొర్లినప్పుడు గాలి ఒక మూల నుంచి ఇంకో మూలకు పరుగెత్తుతుంది, అంచుల దగ్గర కొంత తిరుగుతుంది. అది నిజం. అంతకంటే పెద్ద దొంగ వేరే ఉన్నాడు. గాలిని తాకకుండానే గాలిలోంచి దాటిపోయే పరారుణ కిరణాలు.

వెచ్చగా ఉన్న ప్రతి వస్తువూ ఈ కిరణాలను వదులుతూనే ఉంటుంది. మన ఒంటివి మిల్లీమీటరులో నూరోవంతు దగ్గరి పొడవున్న తరంగాలు, కంటికి కనబడవు. పరుపు పైగుడ్డ మన వేడితో వెచ్చబడి కిందిగుడ్డ వైపు వాటిని చిమ్ముతుంది. మధ్యలో ఉన్న 7 సెంటీమీటర్ల గాలి వాటికి కిటికీ అద్దం లాంటిది. మామూలు నైలాన్ గుడ్డల మధ్య ఇలా దాటే వేడి, ఆ మందం గాలి తనంతట తాను మోసే వేడికి పది రెట్ల కంటే ఎక్కువ. గాలిపరుపును ఎంత ఎత్తుకు ఊదినా లాభం లేకపోవడానికి కారణం ఇదే. దూరం పెరిగితే గాలికి కష్టం గానీ కిరణానికి కాదు.

దీనికి మందు మన వంటింట్లో ఉంది. టీ ఫ్లాస్కు మూత తీసి లోపలికి చూస్తే అద్దంలా మెరుస్తుంది. స్కాట్లాండ్ రసాయన శాస్త్రవేత్త జేమ్స్ డ్యూవర్ 1892లో తయారుచేసిన రెండు గోడల సీసా అది. మధ్య గాలి తీసేసి, గోడలకు వెండి పూత పూశాడు. మెరిసే లోహం పరారుణ కిరణాలను మింగదు, చిమ్మదు, వెనక్కి తోలేస్తుంది. రెండు గుడ్డల్లో ఒకదానికి అల్యూమినియం పూత ఉన్నా చాలు, కిరణాలుగా దాటే వేడి దాదాపు పదహారో వంతుకు పడిపోతుంది. ఆ పూత మందం మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా ఉండదు. బరువంటూ లేదు. 2009లో వచ్చిన థర్మారెస్ట్ నియోఎయిర్ మ్యాట్లు ఈ ఉపాయం మీదే నిలబడ్డాయి. లోపల త్రికోణాల అరలు, వాటి మధ్య అల్యూమినియం పూసిన పలచని పొరలు. అరలు గాలిని కదలనివ్వవు, పొరలు కిరణాలను దాటనివ్వవు. ఇప్పుడు అదే వరసలో వస్తున్న ఎక్స్‌థర్మ్‌కు ఆర్ 7.3, బరువు 440 గ్రాములు. అర లీటరు నీళ్ళ సీసా కంటే తక్కువ! ఒక్కటే చికాకు. దొర్లినప్పుడల్లా లోపలి పొరలు చిప్స్ ప్యాకెట్టు నలిపినట్టు చప్పుడు చేస్తాయి. కొత్త రకాల్లో తగ్గింది గానీ, తేలికగా మెలకువ వచ్చేవాళ్ళు కొనేముందు ఒకసారి దుకాణంలోనే పడుకుని చూడడం మంచిది. సిగ్గుపడితే రాత్రిళ్ళు బాధపడాలి.

ఇక్కడే మన బజారులో ఒక మోసం, లేదా అపోహ. ఒకవైపు వెండిలా మెరిసే పలచని ఫోమ్ చాపలు అమ్ముతారు. 'మెరుపు వైపు పైకి పెడితే ఒంటి వేడి తిరిగొస్తుంది' అంటాడు దుకాణదారు. మెరుపు పనిచెయ్యాలంటే దాని ముందు ఖాళీ జాగా ఉండాలి. ఒంటికో బ్యాగుకో నేరుగా ఆనుకున్న మెరుపు అద్దంగా పనికిరాదు, ఉత్త రేకే. తాకిన చోట వేడి వహనంగా పోతుంది. ఆ చాప కాపాడినంత మేర కాపాడేది కింది ఫోమ్.

ఫోమ్‌ను చిన్నచూపు చూడకూడదు. మూసిన గదుల ఫోమ్‌లో లక్షల చిన్న బుడగలు, ప్రతి బుడగకూ తలుపులు వేసి ఉంటాయి. గాలి కదలదు, కిరణం గోడగోడకూ ఆగి వెళ్ళాలి. 10 మిల్లీమీటర్ల మంచి ఫోమ్‌కు ఆర్ 1.4 వరకు వస్తుంది. మడతలుగా ముడుచుకునే, గుడ్ల అట్టలా గుంతలుండే జీ లైట్ సోల్ అనే ఫోమ్ మ్యాట్‌కు ఆర్ 2, బరువు 410 గ్రాములు. ఊదక్కర్లేదు, చిల్లి పడదు, దారిలో ఎక్కడైనా విసిరి కూర్చోవచ్చు. రక్‌శాక్‌కు బయట కట్టుకుని మోయాల్సిన దాని పరిమాణమే ఇబ్బంది.

ఈ రెండిటి మధ్యది తనంతట తానే ఉబ్బే మ్యాట్. దీని పుట్టుక కథ సరదాగా ఉంటుంది. 1970ల మొదట్లో సియాటిల్‌లో బోయింగ్ కంపెనీ వేలమందిని ఉద్యోగాల్లోంచి తీసేసింది. అలా ఖాళీ అయిన ఇంజనీర్లు జిమ్ లీ, నీల్ ఆండర్సన్. ఇద్దరికీ కొండలెక్కే పిచ్చి. తోటపని చేసేటప్పుడు మోకాళ్ళ కింద వేసుకునే స్పాంజి దిండు చూసి లీకి ఆలోచన తట్టింది. మోకాలు ఆనించగానే దాంట్లోంచి గాలి బయటికి పోతోంది. పోకుండా గాలి చొరని గుడ్డ అంటించి, ఒక మూల బిరడా పెడితే? బిరడా తీస్తే స్పాంజి తనే ఉబ్బి గాలి పీల్చుకుంటుంది, బిగిస్తే గాలి లోపలే. థర్మారెస్ట్ పేరు అలా మొదలైంది, 1972లో వాళ్ళు పెట్టిన క్యాస్కేడ్ డిజైన్స్ కంపెనీతో. ఈ రకం ఇప్పటికీ మెత్తగా, నమ్మకంగా ఉంటుంది. కాని స్పాంజి బరువు. భుజం మీద మోసేవాళ్ళకు దీని కాలం చాలావరకు వెళ్ళిపోయింది. కార్లో వేసుకెళ్ళేవాళ్ళకు మాత్రం ఇదే మేలు.

ఈకలో పీచో లోపల నింపిన గాలిమ్యాట్లు కూడా ఉన్నాయి, స్విట్జర్లాండ్‌లోని ఎక్స్‌పెడ్ వాటికి పేరు పొందింది. మెరుపు పొర చేసే పని అక్కడ ఈక చేస్తుంది.

ఆర్ అంకెను నమ్మొచ్చా? కొన్నేళ్ళ కిందట నమ్మడానికి లేదు. ఏ కంపెనీ కొలిచేది ఆ కంపెనీకే తెలుసు, ఒకరి 4 ఇంకొకరి 3తో సమానంగా ఉండేది. 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ప్రమాణం వచ్చింది. మ్యాట్‌ను రెండు లోహపు పలకల మధ్య పెడతారు. పై పలక ఒంటి వేడితో 35 డిగ్రీలు, కింది పలక 5 డిగ్రీలు. పై పలకను అదే వేడిలో ఉంచడానికి ఎంత కరెంటు కావాలో చూస్తారు. తక్కువ కరెంటు, ఎక్కువ ఆర్. 2020 నాటికి పెద్ద కంపెనీలు దీన్నే ముద్రించడం మొదలుపెట్టాయి. కొనేటప్పుడు ఆ ప్రమాణం పేరు ఉందో లేదో చూడండి. 'మైనస్ 15 దాకా పనికొస్తుంది' అని మాత్రమే రాసిన మ్యాట్‌ను నేను ముట్టుకోను. ఎవరి ఒంటికి, ఏ బ్యాగుతో, ఏ నేల మీద అని అడిగితే జవాబు ఉండదు. మనిషి దొర్లడాన్ని మాత్రం లోహపు పలక కొలవలేదు, ఆ తగ్గింపు మనమే వేసుకోవాలి.

స్లీపింగ్ బ్యాగు చీటీ మీద డిగ్రీలకూ ఇలాంటి మెలికే. వాటిని ప్రయోగశాలలో కొలిచేటప్పుడు బొమ్మ మనిషిని పడుకోబెట్టేది మంచి వెచ్చని మ్యాట్ మీద. అది లేకపోతే ఆ డిగ్రీలు మనకు వర్తించవు. నా బ్యాగు అబద్ధం చెప్పలేదు, నేనే దాని షరతు చదవలేదు.

మరి ఎంత ఆర్ కావాలి? పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మేఘాల సముద్రం చూడ్డానికి ముందురాత్రే వెళ్ళి టెంటు వేసుకునేవాళ్ళకు, లంబసింగిలో తెల్లవారితే గడ్డి మీద తెల్లగా పేరుకునే మంచును చూడబోయేవాళ్ళకు, ఆర్ 2 ఫోమ్ చాలు. బాగా చలి పట్టే ఒళ్ళయితే 3. మనవైపు నేల ఎండాకాలం దాచుకున్న వెచ్చదనాన్ని డిసెంబరులో కూడా పూర్తిగా వదిలిపెట్టదు. మే, సెప్టెంబరు నెలల్లో హిమాలయాల్లో పచ్చిక మైదానాల మీద మకాం అంటే 3 నుంచి 4.5. మంచు మీద పడుకోవడమంటే 5 దాటాలి. చాలామంది ఆడవాళ్ళకు అదే రాత్రి, అదే మ్యాట్ మీద మగవాళ్ళ కంటే ఎక్కువ చలి వేస్తుంది. బ్యాగుల ప్రమాణంలోనే వాళ్ళకు వేరే అంకె ఉంది. మ్యాట్‌లోనూ ఒక మెట్టు పైకి వెళ్ళడం మంచిది.

ఆర్ గురించి నాకు బాగా నచ్చే గుణం, అది మామూలు కూడికతో పెరుగుతుంది. ఆర్ 2 ఫోమ్ మీద ఆర్ 4.5 గాలిమ్యాట్ వేస్తే 6.5. రెండు ఆర్ 2 ఫోమ్‌లు కలిపితే 4. అద్దె మ్యాట్ తప్పనిసరైతే రెండు అడగండి. ఒకటే ఇస్తామంటే ఖాళీ రక్‌శాక్, తాడు, మిగిలిన బట్టలు వీపు కిందికి తొయ్యండి. కొండలెక్కేవాళ్ళలో కొందరు అసలు నడుము దాకా వచ్చే పొట్టి మ్యాటే మోస్తారు, కాళ్ళ కింద రక్‌శాక్ పరుస్తారు. వేడి ఎక్కువ పోయేది మొండెం నుంచే, నా గుంట మోకాళ్ళ దగ్గర ఆగిపోయినట్టు.

గాలిమ్యాట్‌ను నోటితో ఊదకండి. 50 లీటర్ల ఊపిరి అంటే దాంతోపాటు దాదాపు 2 గ్రాముల నీటి ఆవిరి లోపలికి పోతుంది. చలికి అది నీరై, మంచు మీద అయితే గడ్డకట్టి, రాత్రి రాత్రికీ పేరుకుంటుంది. ఈకలున్న మ్యాట్ అయితే ముద్దవుతుంది. పైగా 3,000 మీటర్ల ఎత్తులో అంతసేపు ఊదితే కళ్ళు తిరుగుతాయి. మ్యాట్‌తోపాటు వచ్చే పంపు సంచి వాడితే ఈ బాధ లేదు. సాయంత్రం బిగువుగా నింపిన మ్యాట్ అర్ధరాత్రికి మెత్తబడితే చిల్లి పడిందని కంగారుపడొద్దు. 27 డిగ్రీల గాలి సున్నాకు దిగితే తొమ్మిది శాతం కుంచించుకుపోతుంది. పడుకునేముందు ఇంకో రెండు సంచుల గాలి పడితే సరి. పొద్దునకు పూర్తిగా నేలకు ఆనితే మాత్రం చిల్లే. నల్లమలలోనో అనంతగిరిలోనో టెంటు వేసే ముందు నేలను చేత్తో తడిమి చూసుకోవాలి. తుమ్మముల్లు కంటికి కనబడుతుంది, పల్లేరుకాయ కనబడదు.

నేనిప్పుడు మోసేది 370 గ్రాముల, ఆర్ 4.5 గాలిమ్యాట్ ఒకటి, దాని కింద భుజాల నుంచి నడుము దాకా వచ్చేలా కోసుకున్న మడతల ఫోమ్ ముక్క. రెండూ కలిపి 600 గ్రాములు, మొండెం కింద 6.5. ఒక్క ఎక్స్‌థర్మ్ ఇంతకంటే తేలిక, ఇంతకంటే వెచ్చన, ధర మాత్రం చలి కంటే ముందే వణికిస్తుంది. అది ఒక్కటే మోసి, దానికి చిల్లి పడ్డ రాత్రి కింద ఏమీ ఉండదు. ఫోమ్ ముక్కకు ఆ భయం లేదు.

కోయగా మిగిలిన ఆరు మడతల ముక్క ఇంట్లో పడి ఉంది. ఈ చలికాలం అమ్మ దాన్ని వంటింట్లోకి తీసుకుపోయింది. పొద్దున్నే కత్తిపీట ముందు కూర్చోవడానికి గచ్చు మీద వేసుకుంటోంది. దానికీ ఒకవైపు వెండిరంగే. ఆ వైపు కిందికి పెట్టింది. పైకి పెట్టమన్నాను. ఏ వైపు పెట్టినా ఒకేలా ఉంది, రెండూ చూశాను, అంది.